బూడిద తెగులుకు శొంఠిపాలు: ఒక్క ట్యాంకుకు సరిపడా కొలత

బెండ, బీర, దోస ఆకుల మీద తెల్లటి పిండి చల్లినట్టు మచ్చలు మొదలవుతాయి. శొంఠిపాల కషాయం కొట్టమంటారు గానీ, చెప్పే కొలతేమో ఎకరానికి 200 లీటర్లు. పెరటికి, పావెకరం పాదులకు అంత ఎవరు కాస్తారు? 16 లీటర్ల స్ప్రేయర్ ట్యాంకుకు లెక్క ఇది.

శొంఠి పొడి 16 గ్రాములు, అంటే సుమారు మూడు పెద్ద చెంచాలు. రెండు గ్లాసుల నీళ్లలో వేసి గ్లాసు మిగిలేదాకా మరిగించి దించాలి. వేరే గిన్నెలో 400 మిల్లీలీటర్ల పాలు ఒక్క పొంగు రానిచ్చి, చల్లారాక మీగడ మొత్తం తీసేయాలి. ఇక్కడ బద్ధకిస్తే నాజిల్ మూసుకుపోయి, ప్రతి సాలుకీ ఆగి ఊదుకోవాల్సి వస్తుంది. రెండూ పూర్తిగా చల్లారాకే కలపండి, వేడి మీద కలిపితే పాలు విరిగే ప్రమాదం ఉంది. పాత పంచె గుడ్డ రెండు మడతలు వేసి వడకట్టి ట్యాంకులో పోసి, మిగతాది నీళ్లతో నింపితే సరి.

ఎండ తగ్గాక, ఆకు పైనా కిందా తడిసేలా కొట్టాలి. వారానికి ఇంకోసారి. కలిపింది ఆ పూటే వాడేయండి, మర్నాటికి పులిసి వాసనొస్తుంది.

మచ్చలు రూపాయి బిళ్లంత ఉన్నప్పుడే ఇది పనిచేస్తుంది. ఆకంతా తెల్లబడి అంచులు ఎండుతుంటే ఎన్నిసార్లు కొట్టినా దండగే. అలాంటి ఆకులు ముందు తుంచి చేనుకు దూరంగా పాతిపెట్టి, మిగిలిన వాటికి కొట్టుకోండి. కొట్టిన కాసేపటికే వాన పడితే మాత్రం మళ్లీ కొట్టాల్సిందే.