మ్యాచ్‌లో సర్వీస్ తడబాటు ఎలా తగ్గిందంటే

బ్యాడ్మింటన్ ప్రాక్టీసులో నా షార్ట్ సర్వీస్ నెట్‌ని రాసుకుంటూ దిగేది. మ్యాచ్‌లో గేమ్ చివరికొచ్చి స్కోరు 18 దాటిందంటే చాలు, మణికట్టు బిగుసుకుపోయి షటిల్ నెట్‌కి కొట్టుకోవడమో, పైకి లేచి అవతలివాడి స్మాష్‌కి చిక్కడమో జరిగేది. చేతిలో లోపం లేదు, దాని ప్రతి కదలికనూ పక్కన నిలబడి తనిఖీ చేసే బుర్రతోనే తంటా అంతా.

దీన్ని తగ్గించింది హిప్నాసిస్. లోలకం ఊపి నిద్రపుచ్చే తంతు కాదు, మెలకువగానే ఉంటాం, అన్నీ వినిపిస్తాయి. స్పోర్ట్స్ సైకాలజిస్ట్ దగ్గర నేర్చుకుని ఇప్పుడు సొంతంగానే చేసుకుంటున్నాను: కళ్లు మూసుకుని, ఊపిరి నెమ్మదిగా తీస్తూ, పాదాల నుంచి భుజాల దాకా ఒళ్లు వదులు చేసి, బాగా ఆడిన ఒక మ్యాచ్‌ని షూ కీచుమనే చప్పుడుతో సహా గుర్తు తెచ్చుకోవడం. ఆ ఊపు ఒంట్లోకి వచ్చాక బొటనవేలితో రాకెట్ గ్రిప్‌ని ఒక్క నొక్కు. మ్యాచ్‌లో సర్వీస్‌కి ముందు అదే నొక్కు, చూపు షటిల్ కార్క్ మీద, అంతే.

2002లో స్పోర్ట్స్ సైకాలజీ పరిశోధకుడు జాన్ పేట్స్ బృందం ఐదుగురు బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు ఇలాంటిదే నేర్పితే వాళ్ల మూడు పాయింట్ల షాట్లు మెరుగుపడ్డాయి. ఐదుగురంటే చిన్న లెక్కే అనుకోండి.

ఫ్లో, అంటే ఆటలో పూర్తిగా లీనమైపోయే ఆ స్థితి, మాత్రం పిలిచినప్పుడల్లా రాదు. ఫ్లో అన్న భావనను ముందుకు తెచ్చిన సైకాలజిస్ట్ చిక్‌సెంట్‌మిహాయి చెప్పినట్టు సవాలూ నైపుణ్యమూ ఇంచుమించు సరితూగాలి. మరీ బలహీనుడితో ఆడితే ఎంత నొక్కినా నాకు విసుగే. టెన్షన్ ఇప్పటికీ ఉంది, కాకపోతే సర్వీస్ చేసే ఆ కాసేపు దాని మాట వినను.