బురదలో కారు లాగట్లేదా? ముందు ఆ పసుపు లైటు ఎలా వెలుగుతోందో చూడండి

ఉభాల (వరినాట్ల) రోజుల్లో కేజ్ వీల్ (ఇనుప పంజరపు చక్రాల) ట్రాక్టర్లు పొలంలోంచి రోడ్డెక్కి, దమ్ము మట్టినంతా తారు మీద పరిచిపోతాయి. దాని మీద ఒక్క జల్లు పడితే చాలు, పాలకొండ వైపైనా చీపురుపల్లి వైపైనా ఊరి రోడ్డు సబ్బు రాసిన బండలా తయారవుతుంది. అలాంటి చోట ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారకుండా ఇంజను పవర్‌ను, బ్రేకును కంప్యూటరే సర్దే ఏర్పాటు) ఉన్న మాన్యువల్ గేరు కారు మొరాయిస్తే చాలాసార్లు కారులో ఏ లోపమూ ఉండదు. అయినా మెకానిక్కు వెళ్లే ఫోను ఒకటే: "మీటర్లో లైటొచ్చింది బాబూ, పికప్ పోయింది."

ఏ లైటు? మిణుకుతోందా, నిలకడగా వెలుగుతోందా? ఇది చూడకుండా బానెట్ ఎత్తడం దండగ. కారు బొమ్మ కింద రెండు వంకర గీతలుండే పసుపు లైటు అది. మిణుకుతుంటే చక్రం జారుతోందని, సిస్టమ్ తన పని చేస్తోందని అర్థం. పక్కన ఆఫ్ అన్న అక్షరాలతో నిలకడగా ఉంటే ఎవరో బటన్ నొక్కి ఆపేశారు. కారు తుడుస్తూ పిల్లలు నొక్కినా అంతే. ఆఫ్ అని లేకుండా, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం లాక్ కాకుండా చూసేది) లైటును తోడు తెచ్చుకుని నిలకడగా వెలిగితే నిజమైన రిపేరు.

యాక్సిలరేటర్ తొక్కినా ఇంజను గొంతు నొక్కినట్టు అవుతోంది, లైటు మిణుకుతోంది, బండి ఆగిపోతోంది

ముందు చక్రం గిర్రున తిరగబోయింది. కంప్యూటర్ అది పసిగట్టి ఇంజను పవర్ తగ్గించింది, తిరిగే చక్రానికి బ్రేకు కూడా వేసింది. తడి తారు మీద ఇది మంచి పనే. బురదలో, ఇసుకలో మాత్రం చక్రం కాస్త తిరిగితేనే పై జిగట చిమ్మిపోయి కింద గట్టి నేల తగులుతుంది. దాన్ని తిరగనివ్వకపోతే బండి ఉన్నచోటే ఉంటుంది. ఆటోమేటిక్ కారైతే ఏదోలా సర్దుకుంటుంది. మాన్యువల్లో క్లచ్ మీ కాలి కిందే ఉంది, కంప్యూటర్ దాన్ని తొక్కలేదు. అందుకే ఇంజను ఠక్కున ఆగిపోతుంది. పంపు పోయిందేమో, డీజిల్లో నీళ్లు కలిశాయేమో అని వెతకక్కర్లేదు.

బటన్ నొక్కి ట్రాక్షన్ కంట్రోల్ ఆపండి. కొన్ని కార్లలో ఒకసారి నొక్కితే చాలదు, 3 నుంచి 5 సెకన్లు పట్టి ఉంచాలి. ఆఫ్ అన్న అక్షరాలు వెలిగాయో లేదో చూసుకోండి. మంచు పడే దేశాలకు అమ్మే కార్ల పుస్తకంలోనూ ఇరుక్కున్నప్పుడు చెప్పే ఉపాయం ఇదే. స్టీరింగ్ నిటారుగా పెట్టి రెండో గేరు వేయండి. మొదటి గేరులో చక్రానికి బలం ఎక్కువైపోయి వెంటనే జారుతుంది. ఇంజను 1200, 1500 ఆర్‌పీఎం మధ్య ఉంచి, క్లచ్ నెమ్మదిగా, కానీ పూర్తిగా వదలండి. రెండో గేరులో సగం క్లచ్ మీద వేలాడితే ప్లేటు కాలుతుంది, బండి మాత్రం కదలదు. కాలిన వాసన వస్తే ఇంజను ఆపి పావుగంట చల్లారనివ్వండి. తారెక్కగానే బటన్ మళ్లీ నొక్కండి. మరిచిపోయినా, ఇంజను ఆపి స్టార్టు చేస్తే అదే ఆన్ అవుతుంది.

బటన్ ఆపినా చక్రం తిరుగుతోంది, కారు దిగబడుతోంది

వెంటనే కాలు తీసేయండి. ఇంకో పది సెకన్లు తిప్పితే కారు పొట్ట నేలకు ఆనుతుంది, ఆ తర్వాత ట్రాక్టరే గతి. వచ్చిన గాడిలోనే రివర్స్‌లో వెనక్కి రావడం తరచూ ముందుకు పోవడం కంటే తేలిక. ఎక్కుడులో జారుతుంటే కారు తిప్పి రివర్స్‌లో ఎక్కించి చూడండి: బరువు పల్లం వైపు, అంటే లాగే ముందు చక్రాల మీద పడుతుంది.

టైరు ముందు కొద్దిగా మట్టి తీసి, కింద తడి గోనె సంచులో కొబ్బరి మట్టలో పరవండి. ఉద్దానంలో మట్టలకు కరువేముంది! వరిగడ్డి మాత్రం వద్దు. తడిస్తే అదీ జారుతుంది, ఎండుదైతే వేడి సైలెన్సర్‌కు చుట్టుకుని అంటుకుంటుంది. చక్రం వెనక ఎవరినీ నిలబడనివ్వకండి, పరిచినదంతా వాళ్ల మొహానికే ఎగురుతుంది.

కళింగపట్నం, బారువ, చింతపల్లి లాంటి తీరాల్లో పొడి ఇసుకలో దిగబడితే టైర్లలో గాలి తగ్గించాలి. 33 పీఎస్ఐ ఉన్నదాన్ని 18, 20 దాకా దించండి. 15 కిందికి పోతే ట్యూబ్‌లెస్ టైరు రిమ్ము మీంచి ఊడే ప్రమాదముంది. గాలి తగ్గించాక స్టీరింగ్ గట్టిగా కోయొద్దు, హైవే ఎక్కేముందు మళ్లీ నింపాలి. 12 వోల్టుల చిన్న కంప్రెసర్ కారులో లేకపోతే అసలు గాలి తీయకండి.

పొడి రోడ్డు మీద కూడా, మలుపుల్లోనో ఎత్తులోనో లైటు మిణుకుతోంది

స్కానర్ (కారు కంప్యూటర్‌ను చదివే పరికరం) పెట్టించేముందు కిందికి దిగి నాలుగు టైర్లు చూడండి. రెండు నిమిషాల పని. దీన్ని వదిలేసి సెన్సర్లు మార్పించే వాళ్లను చూస్తే జాలేస్తుంది. నాలుగింటి మీదా సైజు అంకెలు ఒకటేనా? చల్లగా ఉన్నప్పుడు డ్రైవర్ తలుపు దగ్గర రాసినంత గాలి ఉందా? అరుగుదల సమానమా? 185/65 ఆర్15 కొత్త టైరు ఎత్తు సుమారు 621 మిల్లీమీటర్లు. కొత్తదానికి 8 మిల్లీమీటర్ల గాడి ఉండి, పాతది 2కి అరిగితే ఎత్తులో 12 తేడా, అంటే దాదాపు 2 శాతం. చిన్న చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, కంప్యూటర్‌కు అది జారుతున్నట్టే కనిపిస్తుంది. ఆ తేడా ఒక్కటే లైటు వెలిగించకపోవచ్చు గానీ, తడి రోడ్డు కలిస్తే వెంటనే మిణుకుతుంది. ముందు రెండూ ఒక జత, వెనక రెండూ ఒక జతగా ఉండాలి. గాడి 1.6 మిల్లీమీటర్లకు దిగితే చట్టప్రకారమే ఆ టైరు పనికిరాదు. బురదకైతే 3 కింద ఉన్నా దండగే.

టైర్లు బాగానే ఉన్నాయి. నెమ్మదిగా ఆపుతుంటే చివర్లో బ్రేకు పెడల్ కాలి కింద గరగరమంటోంది. పొడి నేల మీద బయల్దేరేటప్పుడు బండి దగ్గినట్టు అవుతోంది. స్కానర్లో లోపం కోడ్ ఏమీ రావట్లేదు

మోసం చేసేది ఇదే. డిస్కులు, ప్యాడ్లు మారుస్తారు, క్లచ్ దించుతారు, చివరికి ఏబీఎస్ మాడ్యూలే పోయిందంటారు. అసలు దొంగ చక్రం దగ్గర చిటికెన వేలంత ఉంటాడు: స్పీడ్ సెన్సర్, దాని ఎదుట తిరిగే రింగు.

ప్రతి చక్రానికీ ఒక రింగు ఉంటుంది. కొన్ని కార్లలో అది యాక్సిల్ మీదో హబ్ మీదో బిగించిన పళ్ల ఇనుప రింగు. చాలా కొత్త కార్లలో బేరింగ్ సీలులోనే కలిసిపోయిన అయస్కాంతపు రింగు. సెన్సర్‌కూ దానికీ మధ్య సందు మహా అయితే మిల్లీమీటరు. ఆ సందులోకి దమ్ము మట్టి చేరి ఎండితే, లేదా సముద్రపు ఉప్పుగాలికి సెన్సర్ కూర్చున్న రంధ్రంలో తుప్పు ఉబ్బి దాన్ని వెనక్కి నెడితే, సంకేతం బలహీనపడుతుంది. పాతరకం పళ్ల రింగు కార్లలో వేగంగా వెళ్లేటప్పుడు సంకేతం బలంగా ఉండి అంతా సవ్యంగానే నడుస్తుంది. గంటకు 10, 15 కిలోమీటర్లకు దిగేసరికి ఆ ఒక్క చక్రం సంకేతం మాయమవుతుంది. బ్రేకు మీద కాలుంటే చక్రం లాక్ అయిందనుకుని ఏబీఎస్ దూకుతుంది. అది వెనక చక్రమై, మీరు బయల్దేరుతున్నారనుకోండి: వెనకది ఆగి ముందుది తిరుగుతోందంటే జారుడే కదా అని కంప్యూటర్ పవర్ కోసేస్తుంది. సంకేతం పూర్తిగా తెగలేదు కాబట్టి కోడ్ నిలవదు, లైటు నిలకడగా వెలగదు. "స్కానర్లో ఏమీ లేదు, బండి బానే ఉంది" అని పంపేస్తారు. బండి బాగా లేదు.

పట్టుకోవాలంటే కోడ్లు కాదు, లైవ్ డేటా (బండి నడుస్తుండగా సెన్సర్లు పంపే అంకెలు) చూడాలి. చవక బ్లూటూత్ అడాప్టర్లు చాలావరకు ఇంజను వరకే చదువుతాయి. ఏబీఎస్ చదివే స్కానర్ కావాలి. ఖాళీ రోడ్డు మీద తిన్నగా 20 కిలోమీటర్ల వేగంతో పోతూ నాలుగు చక్రాల వేగాలూ పక్కపక్కన పెట్టి, పక్క సీటులో ఒకరిని చూడమనండి. బ్రేకు తొక్కకుండా, న్యూట్రల్‌లో నెమ్మదిగా ఆగనివ్వండి. మూడు చక్రాలు 8, 6, 4 అని దిగుతుంటే ఒకటి 9 దగ్గరే సున్నా చూపిస్తుంది. దొంగ దొరికాడు.

ఇక చేతిపని. గట్టి నేల మీద కారు నిలిపి, మిగతా చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టి, జాకీ కింద స్టాండు పెట్టాకే చక్రం తీయండి. సెన్సర్‌ను పట్టుకున్నది సాధారణంగా ఒకే బోల్టు, ఎక్కువగా 10 నంబరు స్పానర్‌ది. బోల్టు వచ్చినా తుప్పు పట్టిన సెన్సర్ రాదు. ఇక్కడే సుత్తి తీస్తారు, ప్లాస్టిక్ తల విరిగి సగం లోపల ఉండిపోతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి పావుగంట ఆగి, అటూ ఇటూ మెల్లగా తిప్పండి. వైరు పట్టుకుని లాగొద్దు. బయటికొచ్చాక తలను గుడ్డతో తుడిచి, రంధ్రంలోని తుప్పును సన్నటి ఎమరీ కాగితంతో మెరిసేదాకా తీయండి. ఆ పొడి బేరింగ్ వైపు పడకుండా కింద గుడ్డ అడ్డం పెట్టండి. సెన్సర్ తల మీద గ్రీజు పూయకండి, ఇనుప రజను దానికే అంటుకుంటుంది.

పళ్ల రింగైతే చక్రం చేత్తో తిప్పుతూ టార్చి వేసి మొత్తం చుట్టూ చూడండి. వెంట్రుకంత పగులు కూడా చాలు, ఒక్కో చుట్టుకూ ఒక్కో అబద్ధం చెబుతుంది. పగిలితే మార్చాల్సిందే, వెల్డింగు పనికిరాదు. అయస్కాంతపు రింగైతే మెత్తటి గుడ్డే వాడండి. వైరు బ్రష్షు, అయస్కాంతపు పికప్ టూలు దగ్గరికి తేవద్దు. ఈ రకం సెన్సర్‌ను మల్టీమీటర్ ఓమ్స్‌లో పెట్టి కొలవకూడదు, చెడిపోవచ్చు. ఓమ్స్ పరీక్ష పాతరకం రెండు వైర్ల కాయిల్ సెన్సర్‌కే; అక్కడ సుమారు 1 నుంచి 2 కిలో ఓమ్స్ రావాలి, అవతలి చక్రం సెన్సర్‌తో దగ్గరగా ఉండాలి.

బేరింగ్ మార్చిన వెంటనే గొడవ మొదలైతే దాన్ని తిరగేసి బిగించారేమో చూడండి. అయస్కాంతం ఒకవైపే ఉంటుంది. అది సెన్సర్ వైపుండాలి. బిగించేముందు రెండు ముఖాలకూ పేపర్ క్లిప్పు తాకిస్తే, ఒకవైపు కాస్త లాగినట్టు తెలుస్తుంది. బిగించేశాక తెలిస్తే ఆ బేరింగ్‌ను ఊడదీయడంలోనే పాడుచేస్తారు, కొత్తది కొనాలి.

బీచికో, దమ్ములోకో వెళ్లొచ్చిన రోజే చక్రాల లోపలి వైపు మంచినీళ్లతో కడిగితే ఈ పని చాలావరకు తప్పుతుంది. మామూలు పైపు చాలు. ప్రెజర్ గన్ను సీలు మీద పెడితే నీళ్లు బేరింగ్‌లోకే పోతాయి.

వాన ఘాటులో గేరు దించగానే కారు ముందు భాగం జారింది

కోరాపుట్ నుంచి సాలూరు వైపు ఘాటు దిగేటప్పుడు వచ్చేది ఇది. మూడు నుంచి రెండుకి దించి క్లచ్ టక్కున వదిలితే ఇంజను చక్రాలను వెనక్కి పట్టేస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ పవర్ ఎక్కువైతే కోస్తుంది గానీ, మీ క్లచ్‌తో పడ్డ పట్టును అన్ని కార్లలోనూ విడిపించలేదు. మలుపుకు ముందే, తిన్నగా ఉన్నప్పుడే గేరు దించి, క్లచ్ వదిలేముందు యాక్సిలరేటర్ కాస్త తాకించండి. ఘాటులో ఆ బటన్ ఆపొద్దు.

మిగతావి

బురద నుంచి వచ్చాక 70, 80 వేగంలో స్టీరింగ్ వణికితే రిమ్ము లోపల మట్టి గడ్డకట్టింది, కడగండి. అలైన్‌మెంట్ చేయించాకో బ్యాటరీ మార్చాకో లైటు వెలిగితే స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి, కొంతదూరం తిన్నగా నడిపి చూడండి. పోకపోతే స్కానర్‌తో స్టీరింగ్ యాంగిల్ సెట్ చేయించాలి. లైట్లన్నీ ఒకేసారి వెలిగితే బ్యాటరీ కొలవండి, ఇంజను ఆపి కొన్ని గంటలయ్యాక 12.4 వోల్టుల కింద ఉంటే అనుమానం దానిమీదే. బ్రేకు పెడల్ దగ్గరి స్విచ్చి, ఎలకలు కొరికిన వైరు కూడా అప్పుడప్పుడు తగులుతాయి. ఏబీఎస్ మాడ్యూల్ నిజంగా పోవడం అరుదు. అది మార్చాలని ఎవరైనా అంటే, నాలుగు చక్రాల లైవ్ డేటా చూపించమని అడగండి.