పాత పికప్ ఇంజిన్‌కు ఇంటి దగ్గరే మరమ్మతు – 3వ పాఠం: ట్యాపెట్ల గ్యాప్

గత పాఠంలో పొగ రంగు చూశాం. ఆయిల్ మూత తీసి బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ల పక్క నుంచి కిందికి జారి మూత దగ్గర తన్నుకొచ్చే వాయువు, ఎంత ఉందో గమనించాం. ఈసారి స్పానర్ పట్టుకుని ట్యాపెట్ల గ్యాప్ సరిచేద్దాం, అంటే వాల్వ్ కాడకూ దాన్ని నొక్కి తెరిచే రాకర్ అనే మీట మొనకూ మధ్య ఉండే సన్నని సందు.

మదనపల్లె టమాటా మార్కెట్ దగ్గర, గుంటూరు మిర్చి యార్డు దగ్గర బారులు తీరిన పికప్పుల మధ్య కాసేపు నిలబడితే, "బండి లాగడం లేదు, బోరు చేయించాలి" అనే మాట చెవిన పడుతుంది. అంటే ఇంజిన్ విప్పి పిస్టన్లు, రింగులు, లైనర్ల పని చేయించాలని. ట్యాపెట్లు చూశారా అని అడిగితే మాత్రం చాలామంది తటపటాయిస్తారు. లాగుడు తగ్గిన ప్రతి ఇంజిన్‌కూ రింగులే పోయి ఉండవు. పిస్టన్లు, లైనర్ల మీద డబ్బు పోసే ముందు ఒక ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నని ఉక్కు రేకుల కట్ట) కొనండి.

ఈ పాఠం నాలుగు సిలిండర్లతో, రాకర్లను కింది నుంచి నెట్టే కడ్డీలతో, అంటే పుష్ రాడ్లతో నడిచే పాత డీజిల్ ఇంజిన్లకు వర్తిస్తుంది. ట్యాపెట్ కవర్ తీశాక ప్రతి రాకర్ ఆర్మ్ చివర ఒక స్క్రూ, దాని మీద లాక్ నట్టు కనిపిస్తే ఇది మీ ఇంజిన్‌కు సరిపోతుంది. అవి లేకపోతే మీది వేరే పద్ధతి. కవర్ మూసేయండి.

పని మొదలుపెట్టే ముందు అరుగుదల సంగతి కొంచెం తెలుసుకోవాలి, ఎందుకంటే అది రెండు వైపులకూ లాగుతుంది. పుష్ రాడ్లను పైకి నెట్టే క్యామ్, పుష్ రాడ్ కొనలు, రాకర్ మొన అరిగితే గ్యాప్ పెరుగుతుంది, ట్యాపెట్లు టకటకమంటాయి. వాల్వ్, అది కూర్చునే సీటు అరిగితే వాల్వ్ హెడ్‌లోకి లోతుగా దిగి, దాని కాడ రాకర్ వైపు పైకి జరుగుతుంది. అప్పుడు గ్యాప్ తగ్గుతుంది, శబ్దం కూడా తగ్గుతుంది. ఇంజిన్ మెత్తబడిందని డ్రైవర్ సంతోషిస్తాడు. నిజానికి భయపడాల్సింది అప్పుడే. పొగను బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వ్ తనలోని వేడిని ఎక్కువగా సీటు ద్వారానే వదిలించుకుంటుంది. గ్యాప్ పూర్తిగా పోతే అది సీటు మీద సరిగా కూర్చోలేదు. సందులోంచి మండుతున్న వాయువు దూసుకుపోయి వాల్వ్ అంచును తినేస్తుంది. నిండు లోడుతో ఘాట్ ఎక్కే బండ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అందుకే నా దృష్టిలో మోగే ట్యాపెట్ కన్నా మూగబోయిన ట్యాపెట్టే ప్రమాదకరం.

ఇక పని. మాన్యువల్ వేడి మీద కొలవమంటే తప్ప, రాత్రంతా ఆగి చల్లబడిన ఇంజిన్ మీద, పొద్దున్నే చేయండి. గ్యాప్ ఎంత ఉండాలో, చల్లగా ఉన్నప్పుడు కొలవాలో వేడి మీద కొలవాలో మీ బండి మాన్యువల్ చెబుతుంది. ఇలాంటి ఇంజిన్లలో అది చాలావరకు 0.20 నుంచి 0.45 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. గాలిని లోపలికి తీసుకునే ఇన్‌లెట్ వాల్వ్‌కు ఒక కొలత, ఎగ్జాస్ట్‌కు మరొకటి ఉండవచ్చు. పక్క బండి కొలత మీ బండికి పెట్టకండి. చక్రాలకు అడ్డు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. కవర్ తీసే ముందు దాని చుట్టూ ఉన్న మట్టి తుడవండి. పుష్ రాడ్ల రంధ్రాల దగ్గర శుభ్రమైన గుడ్డ పరచండి. ఒక్క నట్టు లోపలికి జారినా ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ సంప్ విప్పాల్సి వస్తుంది.

ఏ వాల్వ్‌ను ఎప్పుడు కొలవాలన్నదే అసలు కిటుకు. సిలిండర్ల మంట వరుస 1-3-4-2 అయిన ఇంజిన్‌లో 1, 4 పిస్టన్లు జంటగా పైకి వస్తాయి, 2, 3 మరో జంట. క్రాంక్ పుల్లీ బోల్టుకు పొడవాటి స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే దిక్కుకే నెమ్మదిగా తిప్పుతూ 4వ సిలిండర్ రాకర్లు చూడండి. ఎగ్జాస్ట్ మూసుకోవడం పూర్తవుతుండగా ఇన్‌లెట్ తెరుచుకోవడం మొదలవుతుంది. రెండూ త్రాసు తట్టల్లా ఒకటి లేస్తుంటే మరొకటి దిగే ఆ చోట ఆపండి. అప్పుడు 1వ సిలిండర్ కంప్రెషన్ చివర ఉంటుంది, దాని రెండు వాల్వులూ మూసుకుని ఉంటాయి. ఆ రెండూ కొలవండి. అక్కడి నుంచి అర చుట్టు తిప్పితే 2వ దాని రాకర్లు ఊగుతాయి, 3వది కొలవాలి. ఇంకో అర చుట్టుకు 1 ఊగుతుంది, 4 కొలవాలి. మరో అర చుట్టుకు 3 ఊగుతుంది, 2 కొలవాలి.

ఏ స్క్రూనూ కదిలించక ముందే ఎనిమిది గ్యాపులూ కాగితం మీద రాసుకోండి. ఈ పని ఎగ్గొట్టవద్దు, మీ ఇంజిన్ ఆరోగ్య పత్రం అదే. ఆ తర్వాత రెండో విడత తిప్పుతూ సరిచేయండి. లాక్ నట్టు వదులు చేసి, రాకర్ మొనకూ వాల్వ్ కాడకూ మధ్య గేజ్ రేకు పెట్టి, స్క్రూ తిప్పండి. రేకును లాగితే కొంచెం పట్టినట్టు ఉండి జారాలి. నట్టు బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త తిరుగుతుంది కాబట్టి బిగించాక మళ్లీ చూడాలి. 0.30 కావాలంటే 0.30 రేకు దూరాలి, 0.35 రేకు దూరకూడదు.

పాత బండ్లలో ఇంకో చిక్కు ఉంది. రాకర్ మొన మీద వాల్వ్ తగిలే చోట చిన్న గుంట పడి ఉంటుంది. చదునైన రేకు ఆ గుంట మీద వంతెనలా నిలిచి, ఉన్న గ్యాప్ కన్నా తక్కువ చూపిస్తుంది. సరిగ్గా పెట్టినా ఒక ట్యాపెట్ మోగుతూనే ఉంటే ఆ రాకర్ మొనను వేలితో తడిమి చూడండి. గుంట తగిలితే రాకర్ మార్చండి. ఆకురాయితో అరగదీస్తే పైనున్న గట్టి పొర పోయి, మరింత వేగంగా అరుగుతుంది.

కవర్‌కు కొత్త గ్యాస్కెట్ వేసి, బోల్టులు సమానంగా బిగించి, స్టార్ట్ చేయండి. సన్నగా, ఒకే తీరుగా వినిపించే టిక్ టిక్ మంచిదే. దాన్ని ఆపాలని గ్యాప్ తగ్గించకండి.

గ్యాప్ పోయి బిగుసుకున్న వాల్వ్ ఏదైనా దొరికి ఉంటే, వెయ్యి కిలోమీటర్లు నడిపాక దాన్ని మళ్లీ కొలవండి. నిలకడగా ఉంటే సరే. మళ్లీ బిగుసుకుంటే సీటు పాడవుతున్నట్టే. ఇక హెడ్ దించి లేత్ షాపుకు తీసుకెళ్లక తప్పదు. ఎనిమిది కొలతలు రాసిన కాగితం దాచి ఉంచండి. వచ్చే పాఠంలో కంప్రెషన్ గేజ్ పెట్టి, తక్కువ చూపిన సిలిండర్‌లో లోపం వాల్వుల దగ్గర ఉందో రింగుల దగ్గర ఉందో ఆ కాగితంతో పోల్చి తేలుస్తాం.