ఉప్పు మూటలో ఉత్తరం: పదిహేనేళ్ళ పాఠకుల కోసం పద్యనవల రాయడం ఎలా

పద్యనవల రాద్దామని కూర్చున్నప్పుడు నేను చేసిన మొదటి పనే తప్పు. 1948 నాటి నిజాం రాష్ట్రం గురించి దొరికినదల్లా చదివి, నోటుపుస్తకం నిండా తేదీలు ఎక్కించి, తేదీకొక పద్యం చొప్పున నలభై పద్యాలు అల్లాను. ప్రతి పద్యం చివరా ఒక నినాదం. తొమ్మిదో తరగతి చదివే మా మేనకోడలికి ఇచ్చాను. రెండు రోజుల తరువాత ఆ కాగితాల కట్ట తిరిగి ఇస్తూ, "అత్తా, వీళ్ళిద్దరికీ ప్రేమించుకోవడానికి తీరిక ఎప్పుడు దొరికింది?" అని అడిగింది. ఇరవై ఏడేళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఏం చెప్పాలో తోచలేదు.

ఆ నలభైలో ఇప్పటికి మిగిలినవి మూడు. ఈ కింద రాసేదంతా మిగతా ముప్పై ఏడూ పారేశాక తెలిసివచ్చింది.

ముందు చోటు వెతకండి. కాలం దాని వెంటే వస్తుంది. నాకు మునగాల పరగణా దొరికింది. చుట్టూ నిజాం నేల, పరగణా మాత్రం మద్రాసు రాష్ట్రంలోని కృష్ణా జిల్లాది. నీళ్ళ మధ్య లంకలాగా నేల మధ్య నేల. 1947 ఆగస్టు 15న అక్కడ మూడు రంగుల జెండా ఎగరేస్తే పండుగ. పొలం గట్టు దాటి ఇవతలి ఊళ్ళో ఎగరేస్తే ఠాణా. ఆ గట్టుకు ఇవతల నా నాయిక సుభద్రను, అవతల నాయకుడు రాఘవను పెట్టాను. వాళ్ళ మధ్య అరగంట నడక. కానీ ఇవతల చెల్లేది నిజాం నాణెం హాలీ సిక్కా, అవతల ఇండియా రూపాయి కల్దారు. ఏడు హాలీ రూపాయలు ఇస్తే వచ్చేవి ఆరు కల్దారు రూపాయలు. తపాలా బిళ్ళ కూడా వేరే, నిజాం బిళ్ళ సంస్థానం దాటితే చెల్లదు. పైగా గట్టు మీద కాపలా. ఇన్ని అడ్డాలు నేల తనంతట తానే ఇస్తుంటే దుర్మార్గుడైన మేనమామను ఒకణ్ణి కల్పించే పని తప్పింది.

మీరు ఏ ఉద్యమాన్ని, ఏ అల్లర్లను ఎంచుకున్నా ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనివల్ల ఈ ఇద్దరూ ఏ చిన్న పని చేయలేకపోతున్నారు? ఉత్తరం పంపలేకపోవడం, దీపం వెలిగించలేకపోవడం, పేరు పెట్టి పిలవలేకపోవడం, ఏదైనా కావచ్చు. జవాబు తట్టకపోతే ఆ అల్లర్లు మీ నవలకు గోడ మీద బొమ్మ మాత్రమే.

రెండో ప్రశ్న మొహమాటం లేకుండా వేసుకోవాలి. ఆ రోజుల్లో పదహారేళ్ళ పిల్లకు ఇంకా పెళ్ళెందుకు కాలేదు? దీన్ని దాటవేస్తే పుస్తకం తెరిచిన పెద్దవాళ్ళు మొదటి పేజీలోనే నవ్వుతారు. నేను చాలా రోజులు తంటాలు పడ్డాను. చివరికి జవాబు కథలోనే ఉంది. సుభద్రకు సంబంధం కుదిరింది, ముహూర్తం కూడా పెట్టారు. రజాకార్ల భయానికి మగపెళ్ళివారు బయలుదేరలేక వాయిదా వేశారు. అంటే ఊరంతా ఎప్పుడు పోతుందా అని చూస్తున్న భయమే ఈ పిల్లకు రాఘవను తలుచుకునే గడువు ఇచ్చింది. ఈ ముడి దొరికాక నవల దానంతట అదే కదిలింది.

తేదీలు వద్దని కాదు. అవి మీ నోటుపుస్తకంలో ఉండాలి, పద్యంలో కాదు. సుభద్ర గట్టు దాటే రాత్రిని 1948 సెప్టెంబరు 12గా పెట్టుకుని, "అమావాస్య కాటుక" అని ఘనంగా రాశాను. తరువాత లెక్క చూస్తే అది భాద్రపద శుద్ధం. వినాయక చవితి వెళ్ళి వారం కూడా కాలేదు, అర్ధరాత్రి దాకా చంద్రుడు ఉంటాడు. కాటుక కొట్టేశాను. కొట్టేశాకే పద్యం బాగుపడింది: వెన్నెల్లో దాక్కుంటూ నడిచే పిల్ల కాపలావాడికంటే ముందు తన నీడకు భయపడుతుంది. కాబట్టి రాత్రి సన్నివేశం రాసే ముందు తిథి చూడండి. ఆనాటి నిజాం సర్కారు కాగితాల్లో నడిచింది ఫసలీ సంవత్సరాల లెక్క అనీ, ఆ సెప్టెంబరు ఫసలీ 1357లోకి వస్తుందనీ తెలిసి ఉంటే పట్వారీ నోట పొరపాటున కూడా 1948 అనిపించరు.

ఇక ఛందస్సు. అసలు తిప్పలన్నీ ఇక్కడే. నవల మొత్తం ఒకే నడకలో ఉంటే పిల్లలు ముప్పయ్యో పేజీలో నిద్రపోతారు. నేను మనిషికొక నడక ఇచ్చాను. సుభద్ర తిరగలి దగ్గర పాటలు వింటూ పెరిగింది కాబట్టి ఆమెకు ముత్యాల సరం: మూడు, నాలుగు మాత్రల విరుపు (లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు), నాలుగో పాదం కాస్త పొట్టి. ఉప్పమ్మే ముసలమ్మ మూటలో రాఘవ చీటీ వచ్చిన సందర్భం ఇది:

ఉప్పు మూటను విప్పి చూస్తే
చెమ్మ పట్టిన చిన్న చీటీ
సగము మాటలు కరిగిపోయెను
మిగిలె నీ పేరొక్కటే

వేళ్ళు మడుచుకుని లెక్కపెట్టండి. మొదటి మూడు పాదాల్లో పద్నాలుగేసి మాత్రలు, చివరి పాదంలో పన్నెండు. ఆ తగ్గిన రెండు మాత్రల చోట ఊపిరి ఆగుతుంది. ఆమె ఆగేదీ అక్కడే. దీని కింద మొదట్లో ఇంకో పద్యం ఉండేది. అందులో సుభద్ర ఆ ఉప్పులో "దేశమాత కన్నీటిని" రుచి చూసేది. చదివి నాకే సిగ్గేసింది. మా అమ్మమ్మ ఆ రోజుల గురించి ఎన్నిసార్లు చెప్పినా ఉప్పుకు పడిన కరువు గురించే చెప్పేది, దేశమాత ఊసే ఎత్తేది కాదు. మీ పద్యంలో ఉప్పు ఉప్పుగానే ఉండనివ్వండి.

రాఘవది వచన కవిత. ఛందస్సు లేదు కాబట్టి సులువనుకోవద్దు. పాదం ఎక్కడ విరవాలన్నది చెవికి వదిలేసిన లెక్క.

రాత్రి మా దిబ్బెక్కి చూస్తే
మీ ఊరి దీపాలు ఏడు.
మీ ఇల్లు ఏదో తెలియక
ఏడూ ఆరేదాకా
నిలబడ్డాను.

మొదట చివరి రెండు పాదాలూ ఒకే పాదం. విరిచాక, దీపాలు ఆరడానికీ అతను నిలబడడానికీ మధ్య కాస్త రాత్రి చేరింది. ఎక్కడ విరవాలో తెలియకపోతే గట్టిగా చదవండి. గొంతు ఆగని చోట పాదం విరిస్తే అది కవిత కాదు, కత్తెర పని. పుకార్లకు మాత్రం మంజరీ ద్విపద వాడాను. ప్రాస నియమం లేదు, పరుగు ఉంది, నోటి నుంచి నోటికి మాట పాకినట్టే ఉంటుంది.

మాటల విషయంలో ఒక్క సూచన. పోలీసు పటేలు, గిర్దావరు, దౌరా, ఫర్మానా లాంటివి తీసేయకండి, కింద అర్థాలూ ఇవ్వకండి. "గిర్దావరు దౌరాకు వస్తున్నాడని కోళ్ళను దాచారు" అంటే అర్థం కాని పిల్లలుండరు.

కథలోని పిల్లకు తెలియనిది పద్యానికీ తెలియకూడదు. సెప్టెంబరు 13 పొద్దున బెజవాడ వైపు నుంచి కోదాడ దారిన సైన్యం వస్తుంటే సుభద్రకు తెలిసేది నేల అదరడం, పాలు తీయబోతే బర్రె తన్నడం. దాని పేరు ఆపరేషన్ పోలో అని ఆమెకు ఎవరు చెబుతారు?

అలాగే మంచీ చెడూ మతం చూసి పంచకండి. హైదరాబాదు భారతదేశంలో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో హత్యకు గురైనది ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్. సైన్యం వచ్చాక కొన్ని జిల్లాల్లో ఏ పాపమూ ఎరగని ముస్లిం కుటుంబాలు దెబ్బతిన్నాయి. అందుకే సుభద్ర స్నేహితురాలు జైనబ్‌కు రెండు పద్యాలే ఉన్నా, వాటిని సెప్టెంబరు 17 తరువాతే పెట్టాను. మేనకోడలు పుస్తకం మూసి కాసేపు మాట్లాడకుండా కూర్చున్నది అక్కడే.

ముగింపును ఆ 17వ తేదీన పెట్టాలని చేయి లాగుతుంది. నిజాం లొంగిపోయాడు, గట్టు మీద కాపలా పోయింది, ఇద్దరూ కలుసుకున్నారు, శుభం. నాలుగు రోజులు ఆ ముగింపుతో సంతోషంగానే ఉన్నాను. తరువాత కట్ట మొత్తం మళ్ళీ చదువుతూ మేనకోడలు ఆగి, "అత్తా, భయం పోయింది కదా, మరి వాయిదా పడ్డ పెళ్ళి?" అంది.

నిజమే. దారులు తెరుచుకుంటే ముందు బయలుదేరేది మగపెళ్ళివారి బళ్ళే. ఊళ్ళో జెండా ఎగురుతున్న రోజున సుభద్ర ఇంట్లో పురోహితుడు పంచాంగం విప్పుతున్నాడు. చివరి పద్యం ఇప్పుడు అక్కడ మొదలవుతుంది. నాలుగుసార్లు రాశాను. అది సుభద్ర పద్యం కాబట్టి నాలుగో పాదంలో పన్నెండు మాత్రలే ఉండాలి, అందులో ఆమె ఏదో ఒక మాట అనాలి.