విడాకుల వాయిదాల మధ్య ఫోన్ గొడవలు తగ్గాలంటే

పరస్పర అంగీకారంతో పిటిషన్ వేశాక కూడా మామూలుగా 6 నెలలు ఆగాలి కదా, మాకు ఆ 6 నెలల్లోనే పాప ఫీజు దగ్గర మొదలైన మాట పెళ్లినాటి పెట్టుపోతల దాకా పోయేది. ఇప్పుడు ఫోన్ మానేసి వారానికి ఒక్క ఈమెయిల్: పాప, డబ్బులు, వాయిదా తేదీ, అంతే, 5 లైన్లు దాటకుండా. శనివారం రాత్రి రాసి డ్రాఫ్ట్‌లో ఉంచి, ఆదివారం పొద్దున కాఫీ తాగాక "నువ్వెప్పుడూ", "మీవాళ్లు" ఉన్న వాక్యాలు తీసేసి పంపుతాను (సగం ఎగిరిపోతుంది). పాపకి జ్వరమొస్తే మాత్రం వెంటనే ఫోనే.

అవతలి మనిషి బెదిరిస్తున్నా, చెయ్యి చేసుకుంటున్నా ఇది పనిచేయదు. ఆ మెసేజ్‌లు చెరపకుండా లాయర్‌కి చూపించండి, ఆడవాళ్లయితే మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.