నెట్‌వర్క్, బ్యాకప్ నేర్చుకుందాం – 4వ పాఠం: రాత్రి బ్యాకప్ ఎందుకు నడవదు?

పోయిన పాఠంలో మెయిన్ కంప్యూటర్ ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని నంబరు) మారకుండా రూటర్‌లోనే ఫిక్స్ చేశాం. పొద్దున్నే షేర్ ఫోల్డర్ కనబడట్లేదనే టెన్షన్ మీకు ఈపాటికి తగ్గి ఉంటుంది. ఇప్పుడు బ్యాకప్.

హనుమకొండలో ఒక ఫొటో స్టూడియో. పెళ్లి ఫొటోలన్నీ ఒక కంప్యూటర్‌లో ఉంటాయి, రోజూ రాత్రి 11కి అవి పక్క కంప్యూటర్‌లోకి కాపీ కావాలని టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన టైమ్‌కు పనులు నడిపే విండోస్ ప్రోగ్రామ్) పెట్టుకున్నారు. చేత్తో నడిపితే చక్కగా నడిచేది. హార్డ్ డిస్క్ పోయిన రోజు తెరిచి చూస్తే మూడు వారాలుగా ఒక్క ఫొటో కూడా అటు పోలేదు. అయిపోయిన పెళ్లిని మళ్లీ తీయలేం కదా, ఆ స్టూడియో అన్న ముఖం నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

కారణం జెడ్ డ్రైవ్, అంటే పక్క కంప్యూటర్ షేర్ ఫోల్డర్‌ను ఇక్కడ ఒక డ్రైవ్‌లా కనబడేట్టు మ్యాప్ చేసి పెట్టుకున్నది. అలా మ్యాప్ చేసిన డ్రైవ్ మీరు లాగిన్ అయిన సెషన్‌లోనే ఉంటుంది. ఎవరూ లాగిన్ కాకున్నా నడవాలని టిక్ పెట్టిన టాస్క్ వేరే సెషన్‌లో నడుస్తుంది, అక్కడ జెడ్ అనేదే ఉండదు. అందుకే టాస్క్‌లో జెడ్ బదులు పూర్తి దారి రాయండి: రెండు బ్యాక్‌స్లాష్‌లు, కంప్యూటర్ పేరు, ఇంకో బ్యాక్‌స్లాష్, షేర్ పేరు. అక్కడే పాస్‌వర్డ్ దాచొద్దు అనే గడి ఉంటుంది, దానికి టిక్ పెట్టారంటే ఆ టాస్క్ నెట్‌వర్క్ దాకా పోలేదు.

కాపీకి రోబోకాపీ అనే కమాండ్ వాడండి, విండోస్‌తోనే వస్తుంది. కానీ ఒక్క ఫైలు లాక్ అయి ఉంటే అది 30 సెకన్లకోసారి 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, అంటే దాదాపు 347 రోజులు ఆ ఒక్క ఫైలు దగ్గరే! ఆ కమాండ్ చివర స్లాష్ ఆర్ కోలన్ 2, స్లాష్ డబ్ల్యూ కోలన్ 5 అని తప్పకుండా చేర్చండి, అప్పుడు 5 సెకన్ల గ్యాప్‌తో రెండుసార్లే మళ్లీ ప్రయత్నించి ముందుకు పోతుంది. స్లాష్ ఎంఐఆర్ అనే ఆప్షన్ జోలికి మాత్రం ఇప్పుడే పోకండి, ఇటు పొరపాటున డిలీట్ చేసిన ఫోల్డర్‌ను అది బ్యాకప్‌లోంచి కూడా తీసేస్తుంది.

కాపీ అందుకునే కంప్యూటర్‌కు స్లీప్ ఆపేయండి. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచిందంటే మన దగ్గర కరెంటు పోవడం మామూలే, కరెంటు వచ్చాక కంప్యూటర్ దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ చాలా బయోస్‌లలో (విండోస్ మొదలవకముందే తెరుచుకునే సెట్టింగ్స్ స్క్రీన్) ఉంటుంది, వెతికి పెట్టండి. యూపీఎస్ రెండు కంప్యూటర్లకే కాదు, రూటర్‌కూ కావాలి.

టాస్క్ షెడ్యూలర్‌లో ఫలితం 1 అని చూసి భయపడకండి. రోబోకాపీ లెక్కలో 1 అంటే ఫైళ్లు కాపీ అయ్యాయని, 0 అంటే కొత్తగా కాపీ చేయాల్సింది ఏమీ లేదని. 8, ఆపైన వస్తేనే ఏదో ఫెయిల్ అయినట్టు.

ఈ వారం పని: ఈ రాత్రి టాస్క్ నడవనివ్వండి. పొద్దున లేచాక ఆ నంబరు ఒక్కటే చూసి వదిలేయకుండా, బ్యాకప్‌లోంచి పది ఫొటోలు వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి ఒక్కొక్కటీ తెరిచి చూడండి. వాటిలో నిన్న తీసినవి కూడా ఉండాలి.