సర్వర్‌కు ప్యాచ్ వేద్దాం – 6వ పాఠం: ఒకదాన్ని దించి, ఒకదాన్ని నిలిపి

కిందటి పాఠంలో హోంవర్క్ ఇచ్చాను గుర్తుందా? టామ్‌క్యాట్‌ను, అంటే జావా వెబ్ అప్లికేషన్లను నడిపే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను, రెండు భాగాలుగా విడదీయమన్నాను. ప్రోగ్రాం ఉండే బిన్, లిబ్ ఫోల్డర్లు క్యాటలీనా హోమ్‌లో. మన సెట్టింగులు, అప్లికేషన్లు ఉండే కాన్ఫ్, వెబ్‌యాప్స్, లాగ్స్, వర్క్, టెంప్ ఫోల్డర్లు క్యాటలీనా బేస్‌లో. అది చేయకపోతే ఇక్కడే ఆగి, చేసుకుని రండి. ఈ రోజు టామ్‌క్యాట్ 9.0.30 నుంచి 9.0.31కు వెళ్తాం, అంటే హోమ్‌ను మారుస్తాం, బేస్‌ను మాత్రం కదపం. సామాను సర్దకుండా ఇల్లు మారడం లాంటిదన్నమాట.

ఈసారి మూడు వర్చువల్ మెషీన్లు కావాలి. ముందు ఒక అపాచీ వెబ్ సర్వర్, వెర్షన్ 2.4.42 లేదా ఆ తర్వాతిది. దాని వెనక యాప్1, యాప్2 అని రెండు టామ్‌క్యాట్లు, రెండూ 9.0.30. ముందున్న సర్వర్ ఏజేపీ ప్రొటోకాల్‌తో (వెబ్ సర్వర్, టామ్‌క్యాట్ మాట్లాడుకునే పద్ధతి), 8009 పోర్టు మీద, వచ్చిన పనిని రెండింటికీ పంచుతుంది. మూడింటినీ బయటి ఇంటర్నెట్ తగలని నెట్‌వర్క్‌లో పెట్టండి. ఇది మొహమాటానికి చెప్పే మాట కాదు, ఎందుకంటే 9.0.30లో తెలిసిన రంధ్రం ఉంది.

ఆ రంధ్రం పేరు ఘోస్ట్‌క్యాట్, భద్రతా లోపాల జాబితాలో నంబరు సీవీఈ-2020-1938. 2020 ఫిబ్రవరిలో బయటపడింది. 8009 పోర్టును చేరగలిగిన ఎవరైనా అప్లికేషన్ లోపలి ఫైళ్లను చదివేయొచ్చు. డేటాబేస్ పాస్‌వర్డ్ రాసుకున్న ఫైలు కూడా అందులో ఉండొచ్చు. 9.0.30 వరకు ఏజేపీ పోర్టు అడగకుండానే తెరిచి ఉండేది, అదీ మెషీన్‌కున్న అన్ని అడ్రసుల మీదా. 9.0.31లో దీన్ని సరిచేశారు. చివరి అంకె ఒక్కటే కదా పెరిగింది, చిన్న మార్పేలే అనుకుని కళ్లు మూసుకుని వేసినవాళ్లకు మాత్రం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినంత పనైంది. ఎందుకో కాసేపట్లో మీ మెషీన్ మీదే చూస్తారు. పాత వెర్షన్‌తో పాఠం పెట్టింది అందుకే.

ముందు డౌన్‌లోడ్. పాత వెర్షన్లన్నీ అపాచీ ఆర్కైవ్ సైట్‌లో దొరుకుతాయి. టార్ ఫైలుతోపాటు పక్కనే ఉన్న ఎస్‌హెచ్‌ఏ-512 ఫైలును (దించుకున్నది అసలుదేనని తేల్చే చెక్‌సమ్) కూడా దించుకుని, రెండూ సరిపోయాయో లేదో చూడండి. నిమిషం పని. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, మీరు వదలకండి.

ఆప్ట్ ఫోల్డర్‌లో టామ్‌క్యాట్ అనే ఫోల్డర్ ఉంది కదా. అందులో ఇప్పటికే 9.0.30 ఉంది, దాన్ని చూపించే ‘కరెంట్’ అనే సింబాలిక్ లింక్ ఉంది. సర్వీస్ ఫైల్‌లో క్యాటలీనా హోమ్ అంటే ఈ కరెంటే. 9.0.31ను దాని పక్కనే విప్పండి. పాతదాని మీద విప్పకండి, ఎప్పుడూ. పాత జార్ (జావా కోడ్ ఫైలు) ఒకటి, కొత్త జార్ ఒకటి కలిసి లిబ్‌లో కూర్చుంటే ఆ సర్వర్ ఏ వెర్షనో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ఇక్కడ ఒక చిన్న గోతి ఉంది. టామ్‌క్యాట్ టార్ ఫైలులోని ఫోల్డర్లకు ‘ఇతరులు’ చదివే అనుమతి ఉండదు. మీరు రూట్‌గా విప్పితే, టామ్‌క్యాట్ యూజర్ పేరుతో నడిచే సర్వీస్‌కు లిబ్ ఫోల్డర్‌లోకి ప్రవేశమే ఉండదు. విప్పగానే గ్రూప్‌ను టామ్‌క్యాట్‌కు మార్చండి. అర్ధరాత్రి పన్నెండున్నరకు ‘పర్మిషన్ డినైడ్’ అని కనిపిస్తే వచ్చే టెన్షన్ మామూలుగా ఉండదు. పైగా ఇది పగలే చేసి పెట్టుకోదగ్గ పని. కొత్త ఫోల్డర్ పక్కన ఊరికే పడి ఉంటే నడుస్తున్న సర్వర్‌కు ఏమీ కాదు కాబట్టి, దీనికి డౌన్‌టైమ్ విండో (సర్వర్ ఆపడానికి కేటాయించే సమయం) అక్కర్లేదు.

ఇప్పుడు యాప్1ను దించాలి. దించడమంటే ఆపేయడం కాదు. బస్టాండులో కౌంటర్ మూసే ముందు కొత్తవాళ్లను పక్క లైనులోకి పంపి, లైనులో ఉన్నవాళ్లకు టికెట్లు ఇచ్చి ముగిస్తారే, అలాగ. పని పంపకాన్ని చూసుకునే అపాచీ బ్యాలెన్సర్ మేనేజర్ పేజీ తెరిచి, యాప్1కు డ్రెయిన్ మోడ్ ఆన్ చేయండి. ఆ తర్వాత కొత్త సెషన్లన్నీ యాప్2కు వెళ్తాయి. పాత సెషన్లు యాప్1లోనే కొనసాగుతాయి.

ఏ సెషన్ ఎవరిదో ముందున్న సర్వర్‌కు ఎలా తెలుస్తుంది? బ్రౌజర్‌లో జేసెషన్ ఐడీ కుకీని ఒకసారి చూడండి. పొడవాటి అక్షరాల వరస, చివర చుక్క, ఆ చుక్క తర్వాత ‘యాప్1’. ఆ తోక, కాన్ఫ్‌లో ఉండే సర్వర్ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులోని జేవీఎమ్ రూట్ సెట్టింగ్ నుంచి వస్తుంది. బ్యాలెన్సర్‌లో రాసిన రూట్ పేరూ ఇదీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. తేడా ఉంటే డ్రెయిన్ పనిచేయదు, లాగిన్ అయినవాళ్లు మధ్యలో బయట పడతారు.

ఎంతసేపు ఆగాలి? టామ్‌క్యాట్‌లో మామూలుగా సెషన్ గడువు 30 నిమిషాలు. అంటే చివరి మనిషి చివరి క్లిక్ తర్వాత అరగంట. రోజంతా స్క్రీన్ తెరిచి పెట్టుకునే వాళ్ల కోసం తెల్లారేదాకా ఆగలేం కాబట్టి, గంట గడువు పెట్టుకుని, ఆ మాట ముందే అందరికీ చెప్పడం నా అలవాటు.

సెషన్లు ఖాళీ అయ్యాక సర్వీస్ ఆపండి. తర్వాత లింక్ మార్చండి. ఎల్‌ఎన్ కమాండ్‌కు ఎస్, ఎఫ్, ఎన్ అని మూడు ఆప్షన్లూ ఇవ్వాలి. ఎన్ మర్చిపోతే ఏమవుతుందో తెలుసా? కరెంట్ అనేది ఒక ఫోల్డర్‌ను చూపిస్తోంది కనుక, కమాండ్ తిన్నగా ఆ ఫోల్డర్‌లోకి వెళ్లి, 9.0.30 కడుపులో 9.0.31 పేరుతో కొత్త లింక్ పెట్టి వస్తుంది. ఎర్రర్ రాదు. కరెంట్ మాత్రం పాతదాన్నే చూపిస్తూ ఉంటుంది. అందుకే మార్చిన వెంటనే ఎల్‌ఎస్ కొట్టి బాణం గుర్తు ఎటు చూపిస్తోందో చూడండి.

వర్క్ ఫోల్డర్‌లో పాత జేఎస్‌పీల (జావాతో నడిచే పేజీల) కంపైల్ ముక్కలు ఉంటాయి, తీసేయండి. సర్వీస్ మొదలుపెట్టండి.

ఇప్పుడు యాప్1 పనిచేయదు, చేయకూడదు కూడా! లాగ్ తెరవండి. ఏజేపీ కనెక్టర్‌లో ‘సీక్రెట్ రిక్వైర్డ్’ ట్రూ అని ఉంది గానీ ‘సీక్రెట్’ ఖాళీగా ఉంది, ఈ కలయిక చెల్లదు అని ఇంగ్లిష్‌లో ఒక వాక్యం కనిపిస్తుంది. 8009 పోర్టు తెరుచుకోలేదు. మన కాన్ఫ్‌లో ఒక్క అక్షరం మారలేదు. మారింది టామ్‌క్యాట్ డీఫాల్టు. 9.0.31 నుంచి ఏజేపీకి రహస్య పదం తప్పనిసరి చేశారు. పైగా అడ్రస్ ఏమీ రాయకపోతే సొంత మెషీన్ లోపలి నుంచి వచ్చే కనెక్షన్లనే తీసుకుంటుంది. మన వెబ్ సర్వర్ వేరే మెషీన్ మీద ఉంది కాబట్టి సీక్రెట్ ఇచ్చినా అడ్రస్ ఇవ్వకపోతే మళ్లీ అదే గోల.

సరిచేద్దాం. యాప్1 సర్వర్ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో ఏజేపీ కనెక్టర్‌కు సీక్రెట్ ఇవ్వండి, అడ్రస్ దగ్గర ఆ మెషీన్ ఐపీ రాయండి. ముందున్న సర్వర్‌లో యాప్1 వరుసకు మాత్రమే అదే సీక్రెట్ చేర్చండి. వెబ్ సర్వర్ 2.4.42 కావాలన్నది ఇందుకే, అంతకు ముందు వెర్షన్లలో, టామ్‌క్యాట్‌తో మాట్లాడే ప్రాక్సీ ఏజేపీ మాడ్యూల్‌కు సీక్రెట్ పంపే ఏర్పాటు లేదు. వెనక సర్వర్‌కు ప్యాచ్ వేయాలంటే ముందు సర్వర్‌కు ప్యాచ్ వేయాల్సి వచ్చిందన్నమాట. చేంజ్‌లాగ్ (కొత్త వెర్షన్‌లో మారినవాటి జాబితా) ముందే చదివినవాళ్లు ఆ పని వారం ముందే ముగించుకున్నారు. చదవనివాళ్లు అర్ధరాత్రి నేర్చుకున్నారు. ఇదంతా జరుగుతున్నంతసేపూ యాప్2 నిలబడే ఉంది, వాడేవాళ్లకు ఏమీ తెలియలేదు.

సర్వర్ లేచాక వెర్షన్ చూడాలి. ఎక్కడ చూడాలన్నది ముఖ్యం. నేను పనిచేసిన ఒక చోట మూడు నెలల పాటు ప్యాచ్ వేశామనే అనుకున్నాం. బిన్‌లోని వెర్షన్ స్క్రిప్ట్ కొత్త అంకె చూపించింది, టికెట్ మూసేశాం. సెక్యూరిటీ వాళ్ల స్కాన్ మాత్రం పాత వెర్షనే అంటోంది. స్కానర్‌దే తప్పని వాళ్లతో గట్టిగా వాదించింది కూడా నేనే. తీరా చూస్తే ఆ ఒక్క మెషీన్‌లో ఎవరో సర్వీస్ ఫైల్‌లో లింక్‌కు బదులు పాత ఫోల్డర్ పూర్తి పేరు రాసి పెట్టారు. డిస్క్ మీద కొత్తది, మెమరీలో పాతది. అప్పటి నుంచి స్క్రిప్ట్ మాట నమ్మను. లాగ్‌లో ఈసారి స్టార్ట్ అయినప్పుడు రాసిన సర్వర్ వెర్షన్ వరుసను చూస్తాను, పక్కనే టైమ్ కూడా చూస్తాను.

ఇంకొకటి. టామ్‌క్యాట్‌కు ప్యాచ్ వేస్తే టామ్‌క్యాట్ వరకే. అప్లికేషన్‌ను ప్యాక్ చేసిన వార్ ఫైలులో, వెబ్-ఇన్ఫ్ కింద లిబ్‌లో కూర్చున్న జార్లకు దీనితో సంబంధం లేదు. 2017లో అమెరికాలో ఈక్విఫాక్స్ సంస్థ నుంచి సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. అక్కడ దాడి చేసినవాళ్లు దూరింది అపాచీ స్ట్రట్స్ అనే జావా లైబ్రరీలోని లోపం గుండా. దాని ప్యాచ్ మార్చి 7నే వచ్చింది, డేటా దొంగతనం మే నెలలో మొదలైంది. మధ్యలో స్కాన్ చేశారు కూడా, ఆ పాత స్ట్రట్స్ దానికి చిక్కలేదు. వార్ ఫైళ్లలోని జార్ల లెక్క తీయడం 8వ పాఠంలో.

ఇక యాప్1కు డ్రెయిన్ తీసేయండి. ఒక పది నిమిషాలు రెండింటి లాగులూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. లాగిన్ అవ్వండి, ఏదైనా ఒక ఫారం నింపి సేవ్ చేయండి. హోమ్ పేజీ వస్తే చాలదు.

యాప్2కు ఇంకా ప్యాచ్ వేయకండి. ఈ వారం హోంవర్క్: ముందు యాప్1ను మళ్లీ డ్రెయిన్ చేసి, వెనక్కి 9.0.30కి తీసుకెళ్లండి. లింక్ తిప్పడానికీ లాగిన్ పనిచేయడానికీ మధ్య ఎన్ని నిమిషాలు పట్టిందో గడియారం చూసి రాసుకోండి. కనెక్టర్‌లో చేర్చిన సీక్రెట్‌ను 9.0.30 పట్టించుకుందా లేదా అన్నది లాగ్ చూసి కనుక్కోండి. దానికి ఆ రోజుల్లో వేరే పేరు ఉండేది, అంతవరకే చెబుతాను. తర్వాత మళ్లీ 9.0.31కు వచ్చి, యాప్2ను మొదలుపెట్టండి. ఆ నిమిషాల లెక్కతో, లాగ్‌లో కనుక్కున్న జవాబుతో 7వ పాఠానికి రండి, వాటితోనే చేంజ్ టికెట్ రాద్దాం.